ఎర్ర లైటు తప్పు యాంప్లిఫయర్‌ది కాదు, వైరింగ్‌ది

ప్రశ్న: నాది చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. అందులో నాలుగు చానళ్ళ యాంప్లిఫయర్ పెట్టించాను. రెండు చానళ్ళు ముందు తలుపుల స్పీకర్లకు ఇచ్చారు. మిగిలిన రెండింటినీ బ్రిడ్జ్ చేసి, అంటే రెండు చానళ్ళనూ ఒకటిగా చేసి, బేస్ మోత ఇచ్చే 12 అంగుళాల సబ్‌వూఫర్‌కు కలిపారు. సబ్‌వూఫర్ వెనుక "4 ఓమ్ + 4 ఓమ్, 500 వాట్లు ఆర్ఎంఎస్" (ఆర్ఎంఎస్ అంటే ఎడతెగకుండా మోయగల శక్తి) అని ఉంది. యాంప్లిఫయర్‌తో వచ్చిన కాగితంలో 4 ఓమ్‌ల దగ్గర చానల్‌కు 75 వాట్లు, 2 ఓమ్‌ల దగ్గర చానల్‌కు 110 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌ల దగ్గర 220 వాట్లు అని ఉంది. బిగించిన కుర్రాడు సబ్‌వూఫర్‌ను ప్యారలల్‌లో కలిపి, "ఓమ్‌లు తగ్గితే మోత పెరుగుతుంది" అన్నాడు. మొదటి పావుగంట నిజంగానే అదిరిపోతుంది. తరువాత ఎర్ర లైటు వెలిగి, ముందు స్పీకర్లతో సహా అన్నీ ఆగిపోతాయి. కాసేపు చల్లారాక మళ్ళీ మోగుతుంది, మళ్ళీ ఆగుతుంది. యాంప్లిఫయర్ చాలదు, పెద్దది కొనమని షాపువాళ్ళు అంటున్నారు. రెండో బ్యాటరీ పెట్టమని మా బావ అంటున్నాడు. ఇంకొక సంగతి. నా స్నేహితుడు కారు మారుస్తూ అచ్చం ఇలాంటి సబ్‌వూఫర్‌నే ఇంకొకటి ఇస్తానన్నాడు. ఒకటే మోయలేనిది రెండు ఎలా మోస్తుందని వెనకాడుతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కొత్త యాంప్లిఫయర్ కొనకండి. రెండో బ్యాటరీ కూడా వద్దు. మీ దగ్గర ఉన్న వస్తువులు రెండూ మంచివే, కలిపిన తీరే తప్పు. జానెడు వైరు ముక్క, ఒక స్క్రూడ్రైవరు, ఒక మల్టీమీటరు (నిరోధం, వోల్టేజీ కొలిచే పరికరం) ఉంటే ఈ సాయంత్రమే సరిచేసుకోవచ్చు. ఇక స్నేహితుడి సబ్‌వూఫర్ సంగతికి వస్తే, మీరు దేనికి భయపడుతున్నారో దానికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. అది కాస్త ఆగి చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు నచ్చింది, కాగితం మీది అంకెలన్నీ రాయడం. జవాబు అక్కడే ఉంది. బ్రిడ్జ్ చేసినప్పుడు 4 ఓమ్‌ల దగ్గర 220 వాట్లు అని ఉంది కదా. 2 ఓమ్‌ల దగ్గర బ్రిడ్జ్ అనే వరుస ఉందేమో మళ్ళీ ఒకసారి చూడండి. ఉండదు. అది మరిచిపోయి వదిలేసిన వరుస కాదు. ఆ పని చేయడానికి ఆ యంత్రాన్ని కట్టలేదు కాబట్టే రాయలేదు.

ఇప్పుడు సబ్‌వూఫర్ వైపు చూడండి. "4 ఓమ్ + 4 ఓమ్" అంటే లోపల ఒకే గొట్టం మీద రెండు వాయిస్ కాయిల్స్ (స్పీకరును కదిలించే రాగితీగ చుట్టలు) చుట్టారని అర్థం. ఒక్కొక్కటీ 4 ఓమ్‌లు. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదువుకున్న శ్రేణి, సమాంతర సంధానాలు ఇక్కడికి అలాగే వర్తిస్తాయి. రెంటినీ శ్రేణిలో, అంటే సిరీస్‌లో ఒకదాని వెనుక ఒకటి కలిపితే 8. సమాంతరంగా, అంటే ప్యారలల్‌లో కలిపితే 2. ఈ సబ్‌వూఫర్ ఒక్కటే ఉంటే, రెండు కాయిల్స్‌నూ వాడుకుంటూ 4 ఓమ్‌లు తెచ్చే దారి లేదు. చాలామంది ఒక కాయిల్ వదిలేసి ఒక్కదానికే వైర్లు కలిపి "4 వచ్చింది" అనుకుంటారు. అలా చేస్తే వేడి తట్టుకునే శక్తి సగమైపోతుంది, శబ్దం తీరు కూడా మారిపోతుంది. ఆ పని మాత్రం చేయకండి.

ఓమ్‌ల లెక్కలో అందరూ తడబడే చోటు ఒకటుంది. అంకె చిన్నదైతే బరువు తక్కువ అనిపిస్తుంది. ఇక్కడ తిరగబడుతుంది. ఓమ్ అనేది అడ్డు. చెరువు తూము తలుపు కొద్దిగా ఎత్తితే కొన్ని నీళ్ళు, ఇంకా ఎత్తితే ఇంకా ఎక్కువ నీళ్ళు. అడ్డు తగ్గినకొద్దీ ప్రవాహం పెరుగుతుంది. అయితే ఆ తూమును ఇంత నీటికని ఒక లెక్కతో కట్టి ఉంటారు. అంతకు మించి వదిలితే ముందు తూము చుట్టూ ఉన్న మట్టి కోసుకుపోతుంది. యాంప్లిఫయర్ లోపలి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పరిస్థితి అదే.

బ్రిడ్జ్ చేసినప్పుడు ఇంకొక మెలిక ఉంది, మీ ఎర్ర లైటుకు అసలు కారణం అదే. పెద్ద దుంగను కోసే రంపాన్ని ఇద్దరు రెండు కొసలా పట్టుకుంటారు, ఒకరు లాగుతుంటే ఒకరు తోస్తారు. బ్రిడ్జ్‌లో రెండు చానళ్ళు సబ్‌వూఫర్‌ను అలాగే పట్టుకుంటాయి. ఒకదాని వోల్టేజీ పైకి పోతుంటే రెండోదానిది అంతే కిందికి దిగుతుంది. సబ్‌వూఫర్‌కు రెట్టింపు వోల్టేజీ అందుతుంది. అందుకే అంత శక్తి వస్తుంది. కాని ఒక్కొక్క చానల్‌కు కనిపించే అడ్డు, మీరు కలిపినదానిలో సగమే. 4 ఓమ్‌లు కలిపితే చానల్‌కు 2 కనిపిస్తుంది. మీ కాగితంలో చానల్‌కు 2 ఓమ్‌ల దగ్గర 110 అని ఉన్నది, రెండు చానళ్ళు కలిసి 220 అయింది అందుకే. మీ కుర్రాడు కలిపింది 2. అంటే ఒక్కొక్క చానల్ మోస్తున్నది 1 ఓమ్.

దీన్ని ఆంపియర్లలో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. 2 ఓమ్‌లలోకి 110 వాట్లు పంపాలంటే చానల్ సుమారు 15 వోల్టులు ఇవ్వాలి, ఏడున్నర ఆంపియర్లు పారతాయి. అవే 15 వోల్టులను 1 ఓమ్ మీద పెట్టండి. 15 ఆంపియర్లు. ఏడున్నరకు కట్టిన ట్రాన్సిస్టర్లలో పదిహేను పారుతుంటే పావుగంటైనా తట్టుకుందంటే అది మంచి యాంప్లిఫయరే. వేడి హద్దు దాటగానే తనను తాను ఆపుకుంటోంది. ఆ ఎర్ర లైటు మీ డబ్బును కాపాడుతోంది. ఎన్నాళ్ళు కాపాడుతుందన్నదే ప్రశ్న. తెనాలి ఎండాకాలంలో మూసి ఉంచిన కారు లోపలి వేడి 60 డిగ్రీల దాకా పోవడం వింత కాదు. యాంప్లిఫయర్ సీటు కింద ఉంటే, పాట మొదలుకాక ముందే దాని ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది.

"ఓమ్‌లు తగ్గితే మోత పెరుగుతుంది" అన్న మాట అబద్ధమని నేను అనను. సగం నిజం. యాంప్లిఫయర్ తట్టుకోగలిగినంత వరకే అది నిజం. అయినా ఆ పెరుగుదల ఎంతో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి "రెట్టింపు మోత" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్లు వాట్లు. మీరు కాయిల్స్‌ను సిరీస్‌లో కలిపి 8 ఓమ్‌లు చేస్తే, ఒక్కొక్క చానల్‌కు 4 కనిపిస్తుంది. 75, 75 కలిపి 150 వాట్లు వస్తాయి. మీ కాగితం హామీ ఇచ్చే గరిష్ఠం 220కీ ఈ 150కీ మధ్య తేడా 1.7 డెసిబెల్స్. పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది, విడిగా వింటే పోల్చుకోలేరు. ఈ చిన్న తేడా కోసం వేల రూపాయల వస్తువును రోజూ పావుగంటకోసారి ఉడికించడం అన్యాయం.

ముందు ఇప్పుడు ఎలా కలిపి ఉందో మీరే కొలవండి. నా మాట, ఆ కుర్రాడి మాట రెండూ పక్కన పెట్టి మీటరును అడగండి. స్టీరియో ఆపి, సబ్‌వూఫర్ నుంచి వచ్చే రెండు వైర్లను యాంప్లిఫయర్ దగ్గర ఊడదీయండి. మల్టీమీటరును 200 ఓమ్‌ల దగ్గర పెట్టండి. ముందు దాని రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించండి. సున్నా రాదు, 0.3 లాంటిదేదో చూపిస్తుంది. అది మీటరు వైర్ల సొంత నిరోధం, దాన్ని గుర్తుపెట్టుకుని తరువాత తీసేయాలి. ఇప్పుడు ఆ మొనలను సబ్‌వూఫర్ వైర్లకు తాకించండి. 2.0 చూపించిందనుకోండి, 0.3 తీసేస్తే 1.7. అంటే ప్యారలల్‌లో ఉంది. సరిగ్గా 2 రాలేదేమని కంగారు పడకండి. మీటరు కొలిచేది కాయిల్ రాగితీగ నిరోధాన్ని. పెట్టె మీద రాసేది ఇంపిడెన్స్, అంటే పాట మోగుతున్నప్పుడు ఎదురయ్యే మొత్తం అవరోధానికి పెట్టిన గుండు అంకె. 4 ఓమ్‌ల కాయిల్ మీటరు మీద సాధారణంగా 3.2కీ 3.8కీ మధ్య చూపిస్తుంది. సిరీస్‌లో ఉంటే మీకు 7 దరిదాపుల్లో కనిపించాలి.

(మోగుతున్నప్పుడు ఆ అంకె నిలకడగా ఉండదు. పెట్టెలో ఉన్న సబ్‌వూఫర్ తన సహజ పౌనఃపున్యం దగ్గర 4 ఓమ్‌లకు ఎన్నో రెట్లు అడ్డు చూపుతుంది. కాయిల్ వేడెక్కినా నిరోధం పెరుగుతుంది. ఇది పట్టుకుని "ఎలాగూ పెరుగుతుంది కదా, తక్కువకు కలిపినా ఫర్వాలేదు" అని వాదించేవాళ్ళు ఉన్నారు. పోటీల కోసం కొలిచి కొలిచి కట్టుకునేవాళ్ళ లెక్క అది. పాటలో ప్రతి స్వరం దగ్గరా అడ్డు అంత పెరగదు, రోజూ తిరిగే కారుకు ఆ వాదం పనికిరాదు.)

ఇక కలపడం. సబ్‌వూఫర్‌కు రెండు వైపులా రెండేసి టెర్మినల్స్ ఉంటాయి, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. మొదటి కాయిల్ ఎరుపు, యాంప్లిఫయర్ ప్లస్‌కు. మొదటి కాయిల్ నలుపు నుంచి రెండో కాయిల్ ఎరుపుకు మీ జానెడు వైరు ముక్క. రెండో కాయిల్ నలుపు, యాంప్లిఫయర్ మైనస్‌కు. బ్రిడ్జ్‌కు వాడే ప్లస్, మైనస్ ఏవో యాంప్లిఫయర్ మీదే గీత గీసి చూపిస్తారు. సాధారణంగా ఒక చానల్ ప్లస్, పక్క చానల్ మైనస్ అవుతాయి. మీ దాని మీద ఉన్న గీతనే నమ్మండి. ఎరుపు, నలుపు తారుమారైతే రెండు కాయిల్స్ ఒకదాన్ని ఒకటి వెనక్కు లాగుకుంటాయి. కోన్ (స్పీకరు ముందుండే గరాటు లాంటి భాగం) కదలదు, బేస్ రాదు, వేడి మాత్రం పుడుతుంది. అలా అనిపిస్తే వెంటనే ఆపి వైర్లు చూసుకోండి. కలిపాక మళ్ళీ మీటరు పెట్టి, 7 వచ్చాకే యాంప్లిఫయర్‌కు బిగించండి.

ఇప్పుడు మీ స్నేహితుడి సబ్‌వూఫర్. తీసుకోండి! ఒక్కదానితో రాని 4 ఓమ్‌లు రెండింటితో వస్తాయి. ఒక్కొక్క సబ్‌వూఫర్ కాయిల్స్‌ను సిరీస్‌లో కలిపితే ఒకటి 8, ఇంకొకటి 8. ఆ రెండు సబ్‌వూఫర్లను ప్యారలల్‌లో కలిపితే 4. మీ యాంప్లిఫయర్ కాగితం మీద ఉన్న అంకె అచ్చంగా ఇదే. అప్పుడు 150 కాస్తా 220 అవుతుంది, ఒక్కొక్కదానికి 110 వాట్లు వెళతాయి. సబ్‌వూఫర్ మీద 500 అని ఉంది కదా, 110తో పాడవుతుందేమో అనుకోకండి. శక్తి తగ్గితే శబ్దం తగ్గుతుందే తప్ప కాయిల్ కాలదు. పైగా గాలిని తోసే కోన్ వైశాల్యం రెట్టింపైంది కాబట్టి, అదే వాట్లకు సుమారు 3 డెసిబెల్స్ అదనంగా వస్తాయి. వాట్ల వల్ల పెరిగింది 1.7. రెండూ కలిపితే దాదాపు 4.7. షాపువాళ్ళు అమ్మజూపుతున్న పెద్ద యాంప్లిఫయర్ వాట్లను రెట్టింపు చేసినా 3 దగ్గరే ఆగుతుంది.

దీనికి మీరు చెల్లించే ధర డిక్కీలో చోటు. 12 అంగుళాల సబ్‌వూఫర్‌కు పూర్తిగా మూసిన పెట్టె అయితే సుమారు 30 లీటర్లు, గాలి గొట్టం ఉన్న పెట్టె అయితే దాదాపు దానికి రెట్టింపు కావాలి. రెండు పెట్టెలు పెడితే పెళ్ళికో తిరుపతికో బయలుదేరినప్పుడు సామాను ఒళ్ళో పెట్టుకోవాలి. ఇంట్లో నలుగురున్న కారైతే నేను ఒక్క సబ్‌వూఫర్‌తోనే ఉండిపోతాను. ఆ నిర్ణయం మీదే. తీసుకునేటట్లయితే ముందు రెండు పరీక్షలు చేయండి. మీటరుతో దాని కాయిల్స్ రెండూ విడివిడిగా కొలవండి, రెండూ ఒకే అంకె చూపించాలి. తరువాత రెండు చేతుల వేళ్ళూ విప్పి కోన్‌కు చుట్టూ సమానంగా ఆనించి, మెత్తగా లోపలికి నొక్కి వదలండి. చప్పుడు లేకుండా వెళ్ళి రావాలి. ఇసుక రాసుకున్నట్టు గరగర వినిపిస్తే లోపల కాయిల్ ఒరుసుకుంటోంది, దాన్ని వదిలేయండి. మోడల్ కూడా ఒకటే అయి ఉండాలి. వేరు వేరు సబ్‌వూఫర్లను కలిపితే శక్తి సమంగా పంచుకోవు.

ముందు ముందు ఎప్పుడైనా సబ్‌వూఫర్ కోసమే విడిగా ఒకే చానల్ ఉన్న యాంప్లిఫయర్ కొంటే, నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదు. నా మొదటి కారులో అలాంటిదే ఉండేది, 2 ఓమ్‌ల దాకా మోసేది. దానికి రెండు జతల స్పీకర్ టెర్మినల్స్ ఉన్నాయి. నా దగ్గరా మీలాగే రెండు "4 + 4" సబ్‌వూఫర్లు. బిగించినతను ఒక్కొక్కదాన్ని 2 ఓమ్‌లకు కలిపి, ఒక్కొక్క జతకు ఒక్కొక్కటి ఇచ్చాడు. జతకు 2 ఓమ్‌లు, సరిపోయిందని నేనూ నమ్మాను. విజయవాడ నుంచి హైదరాబాదు వస్తుంటే కోదాడ దాటాక కారంతా ఘాటైన వాసన కమ్ముకుంది, కాలుతున్న వార్నిష్ వాసన. బండి పక్కకు తీసి డిక్కీ తెరిచి యాంప్లిఫయర్ మీద చేయి వేస్తే ఒక్క క్షణం కూడా నిలపలేకపోయాను. తరువాత బాగుచేసే ఆయన మూత విప్పి చూపించాడు. వరుసగా ఉన్న ట్రాన్సిస్టర్లలో ఒకటి నడిమికి పగిలి ఉంది, దాని కింద బోర్డు గోధుమరంగుకు తిరిగింది. ఆ రెండు జతలూ లోపల ఒకటేనని, సౌకర్యం కోసం రెండు పెడతారని అప్పుడు చెప్పాడు. అంటే నేను కలిపింది 1 ఓమ్. మీ ఉత్తరం చదువుతుంటే ఆ గోధుమరంగు మచ్చే కళ్ళ ముందు మెదిలింది.

అలాంటిది కొనేటప్పుడు పెట్టె మీద మెరిసే "3000 వాట్లు" చూడకండి, ఆర్ఎంఎస్ ఎంత, ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎన్ని వోల్టుల దగ్గర అని అడగండి. ఒక్క సబ్‌వూఫర్ ప్యారలల్‌లో 2 ఓమ్‌లు ఇస్తుంది కాబట్టి, 2 ఓమ్‌ల దగ్గర 300 నుంచి 500 వాట్ల ఆర్ఎంఎస్ ఇచ్చేది మీకు చాలు. 1 ఓమ్ మోస్తుందని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేదానితో మీకు పని లేదు.

మీ బావగారు బ్యాటరీ అన్నది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. వోల్టేజీ పడిపోయినా కొన్ని యాంప్లిఫయర్లు ఆగిపోతాయి. కాని దానికి మందు రెండో బ్యాటరీ కాదు, వైరు. ఇంజిన్ నడుస్తుండగా, పాట గట్టిగా మోగుతుండగా, యాంప్లిఫయర్ పవర్ టెర్మినల్స్ దగ్గర మీటరు పెట్టండి. 13 వోల్టుల పైన ఉంటే నిశ్చింతగా ఉండండి. 12 కిందికి జారుతుంటే ముందుగా ఎర్త్ వైరు చూడండి. అది పెయింటు గీకిన ఇనుము మీద బిగించి ఉండాలి, అరమీటరుకు మించకుండా ఉండాలి. తరువాత బ్యాటరీ నుంచి వచ్చే వైరు. మీకు 4 గేజ్ రాగి వైరు సరిపోతుంది. లావుగా కనిపించే చౌక వైర్లలో చాలా వాటిలో లోపల ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక పోగు బయటికి తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం, ఎర్రగానే ఉంటే రాగి. అల్యూమినియం వైరైతే అదే లావులో వోల్టేజీ నష్టం రాగి కంటే సగం పైగా ఎక్కువ. బ్యాటరీ నుంచి జానెడు రెండు జానల లోపే ఫ్యూజు ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే సబ్‌వూఫర్ పని పక్కన పెట్టి ముందు అది పెట్టించండి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని కారు బాడీకి తగిలితే నిప్పు అంటుకోవడానికి అడ్డుపడేది అదొక్కటే.

చివరిగా గెయిన్, అంటే స్టీరియో నుంచి వచ్చే సంకేతాన్ని యాంప్లిఫయర్ ఎంత పెంచాలో నిర్ణయించే మీట. వైరింగ్ మారింది కాబట్టి పాత స్థానం పనికిరాదు. సబ్‌వూఫర్ వైర్లు ఊడదీసి ఉంచండి. బేస్ బూస్ట్ సున్నా చేయండి, లోపాస్ ఫిల్టర్ (బేస్ స్వరాలనే సబ్‌వూఫర్‌కు పంపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. 50 హెర్ట్జ్ పరీక్ష స్వరాన్ని ఫోనులోకి దించుకుని, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర పెట్టి మోగించండి. మల్టీమీటరును ఏసీ వోల్టుల దగ్గర ఉంచి బ్రిడ్జ్ టెర్మినల్స్ మీద పెట్టి, గెయిన్‌ను మెల్లగా తిప్పండి. ఒక్క సబ్‌వూఫర్ 8 ఓమ్‌లకు కలిపి ఉంటే 34 వోల్టుల దగ్గర ఆపండి. రెండు కలిపి 4 ఓమ్‌లు చేస్తే 29 దగ్గర. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చే అంకెలు ఇవి, కాస్త కిందికి దించి చెప్పాను. స్వరం ఆపి, సబ్‌వూఫర్ వైర్లు బిగించి, వాల్యూమ్‌ను ఆ ముప్పావు వంతు దాటనివ్వకుండా ఒక గంట పాటలు పెట్టండి. అప్పటికీ ఎర్ర లైటు వెలిగితే, సబ్‌వూఫర్ వైర్ల దగ్గర వచ్చిన ఓమ్‌ల అంకె, యాంప్లిఫయర్ దగ్గర వచ్చిన వోల్టుల అంకె రెండూ రాసి పంపండి.